ఫెయిల్ ముద్ర

రాష్ట్రం సరిహద్దు అవతల, మరైగూడ దారిలో నేను పనిచేసిన హిందీ బడికి ఒక రేకు పెట్టె ఉండేది. అందులో రెండు రబ్బరు ముద్రలు: ఒకటి పాస్, ఒకటి ఫెయిల్. ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ ఫెయిల్ చేయకూడదని చట్టం వచ్చాక పాస్ ముద్ర వేసి వేసి దాని అక్షరాలు మొద్దుబారాయి. ఫెయిల్ ముద్రని మధ్యాహ్న భోజనం వండే అవ్వ పట్టుకుపోయి, దాని కర్రపిడితో ఉప్పుగడ్డలు చితక్కొట్టుకునేది. నేనేం అభ్యంతరం చెప్పలేదు. ఐదు తరగతులకూ నేనొక్కదాన్నే టీచర్ని, ఎవరు ఏ తరగతో నాకే ఒక్కోసారి గుర్తుండేది కాదు. అందర్నీ పైకి తొయ్యమని సర్కారే చెబుతుంటే కాదనడానికి నేనెవర్ని?

ఒక మార్చి నెలలో ఐదో తరగతి పిల్ల తండ్రి ఒకాయన కోడిపుంజుని చంకలో పెట్టుకుని వచ్చాడు. వాళ్ళది ఇంట్లో దొర్లీ భాష, నాతో తెలుగు. కలెక్టరొచ్చినా వాళ్ళకి 'నువ్వే'.

"మేడం, మా పిల్లను ఫేల్ చెయ్యి" అన్నాడు.

"ఫెయిల్ చేయడానికి లేదన్నా. చట్టం ఒప్పుకోదు."

"నా పిల్ల ఒక్కదాన్నే. మిగతా అందర్నీ పాస్ చేసుకో, నేనేమన్నా అన్ననా?"

మా బడి ఐదుతో సరి. పాసైతే ఆ పిల్ల జూన్‌లో హాస్టల్ బడికి, ఆరో తరగతికి పోవాలి. నాకు విషయం ఇట్టే అర్థమైపోయింది. పిల్ల హాస్టల్‌కి పోతే ఇప్పపూలు ఏరడానికి ఇంట్లో రెండు చేతులు తక్కువవుతాయని ఈయన బాధ. ఆడపిల్లల చదువు గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయనా విన్నాడు, పుంజూ విన్నది. తర్వాత పుంజుని గంట కట్టే గుంజకి కట్టేసి వెళ్ళిపోయాడు.

అక్కడ అడగవచ్చినవాడు ఉత్త చేతుల్తో రాడు. అడిగిన పని తేలేదాకా తెచ్చింది తిప్పి పంపితే అవమానం. అందుకని పుంజు మా బళ్ళోనే ఉండిపోయింది. పై వారం ఆయన సారపప్పు తెచ్చాడు. ఆ పై వారం చింతపండు. నేను బెట్టు చేస్తున్నానని ఆయన లెక్క. చివరికి పుంజు ఒంటరిగా ఉందని ఒక పెట్టనీ తెచ్చి కట్టేశాడు. మా బళ్ళో వాటంత క్రమంగా హాజరైన వాళ్ళు లేరు.

"ఆ ముద్రేదో ఏసెయ్యరాదా బిడ్డా" అంది వంటవ్వ. "ఉప్పు నేను రాయితో కొట్టుకుంట తియ్యి."

ఆఖరికి విసుగెత్తి బ్లాకు ఆఫీసుకి పోయి అడిగాను. అక్కడి పెద్దాయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. పాస్ చేయమని కాళ్ళు పట్టుకున్నవాళ్ళని చూశాడట గానీ, ఫెయిల్ చేయమని కోళ్ళు తెచ్చినవాణ్ణి చూడలేదట. "రాసివ్వండి, పైకి పంపుతాను. జవాబొచ్చేసరికి ఆ పిల్ల పిల్లలు మీ బళ్ళో చేరతారు" అని హిందీలో నవ్వాడు.

వచ్చి పిల్ల మార్కుల కార్డు మీద పాస్ ముద్ర కొట్టేశాను. మర్నాడు తండ్రి దాన్ని తిరగేసి మరగేసి చూసి, "ఇది అందరికీ ఏసే ముద్రే గదా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఇప్పపూలు ఏరడానికి బంగారం లాంటి పిల్లని ఇంట్లో కూర్చోబెడతావా?" అని అరిచాను.

ఆయన అయోమయంగా చూశాడు.

"ఇప్పపూలేంది మేడం? నీకు పుంజును తెచ్చే ముందు ఒకనాడు పిల్లను తీసుకొని కోంటా సంతకు పోయిన. తిరిగి వస్తుంటే బస్సుల అడ్డ మీద రెండు బస్సులున్నయి. మన ఊరిది ఏదని ఎవర్నన్న అడగొచ్చు. నేనెందుకు అడుగుత? ఐదో తరగతి పిల్ల నా పక్కన ఉండె. బోర్డు చదువు బిడ్డా అని అందరికీ ఇనబడేటట్టు అన్న. అది చూసింది, ఇదే నాయినా అన్నది. ఎక్కి కూసున్నం, నిద్ర పట్టింది. లేచి చూస్తే ఎక్కడో దంతెవాడ."

నేను ఆయన కూర్చోడానికి కుర్చీ జరిపాను.

"సరే వచ్చినం గదా అని అమ్మవారికి మొక్కి, రెండు దినాలకు ఇల్లు చేరినం. నిన్నేమీ అంటలేను మేడం. నువ్వు బాగనే చెప్పి ఉంటవు, దాని బుర్రకే ఎక్కలే. ఇంకొక ఏడు నీ కాడ కూసుంటే వస్తదని అడిగిన. రాకుండనే ఆడికి పోతే పిల్లలు నవ్వరా?"

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఐదేళ్ళు ఆ పిల్ల నా ఎదుటే కూర్చుంది. దానికి ఒక్క అక్షరం రాదన్న సంగతి కనిపెట్టింది చదువు రాని ఆయన. సెలవుల్లో పిల్లని రోజూ నా దగ్గరికి పంపమన్నాను.

ఆ వేసవి సెలవులకి నేను ఇంటికి పోలేదు. పొద్దున తునికాకు కోసుకొచ్చి, పసరు చేతుల్తోనే పిల్ల బడికి వచ్చేది. ఆ పిల్లది మందబుద్ధేమీ కాదని వారంలోనే తెలిసింది. ఇన్నాళ్ళూ ఎవరూ దాని పక్కన కూర్చోలేదు, అంతే. జూన్ నాటికి మందుబిళ్ళల అట్టలు, గోడ మీద నినాదాలు, ఏది కనబడితే అది హిందీలో కూడబలుక్కుని చదివేసేది. తండ్రి మాత్రం వచ్చి పుంజునీ పెట్టనీ, అప్పటికి పెట్ట వెంట తిరుగుతున్న కోడిపిల్లల్నీ గంపలో పెట్టి తీసుకుపోయాడు. ఫెయిల్ చెయ్యలేదు గదా, పని కానప్పుడు ఇచ్చింది వెనక్కి తీసుకోవడం వాళ్ళ పద్ధతి.

హాస్టల్‌కి పోయే ముందురోజు పిల్ల తన కార్డు పట్టుకుని వచ్చింది. మొద్దుబారిన ఆ ముద్ర కింద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే పైకి చదివింది. తర్వాత నా మొహంలోకి చూసింది.

"ఇది మార్చిలో ఏసినవు గదా మేడం. అప్పుడు నాకు రాదు గదా."

"రాదు" అన్నాను.

"మరి ఇప్పుడు ఏస్తవా?"

రేకు పెట్టె తీసి, ముద్రకి సిరా అద్ది, దాని పక్కనే ఇంకొకటి వేశాను. ఈసారి గట్టిగా నొక్కాను.