అత్త చూపించకుండా వెళ్లిన మొక్క

మా మేనత్త పోయిన వారం కన్నుమూసింది. దుఃఖం కాస్త తగ్గాక రాద్దామనుకున్నాను. కానీ ఆమె వాడే మందు మొక్కకు పూత ఈ నెలతో అయిపోతుందని ఆమే అనేది. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

అరకు కొండల్లో మా చుట్టుపక్కల ఎవరికి కామెర్లొచ్చినా అత్త దగ్గరకు వచ్చేవారు. మొక్క ఏదో ఆమె చెప్పేది కాదు. తెలిస్తే వేళ్లతో సహా సంతకు పోతుందని భయం. ముద్దగా నూరి ఇచ్చేది. క్షయకు ఆసుపత్రి మందులు వాడేవాళ్లను మాత్రం డాక్టరు చెప్పకుండా అవి మాననిచ్చేది కాదు. "మాత్తర్లు మానీకు నాయనా. దగ్గూ తగ్గాల, కార్జమూ నిలబడాల" అనేది.

మా ఇంట్లో మొదట బడికి వెళ్లింది నేనే. ఇప్పుడు విశాఖలో ఫార్మసీ పరిశోధన చేస్తున్నాను. క్షయ మాత్రల వల్ల కొందరికి కాలేయం దెబ్బతింటుంది. అత్త మందు దాన్ని కాపాడుతుందేమో ఎలుకల మీద చూస్తున్నానని ఒకసారి ఆమెకు చెప్పాను.

"ఏటే గుంటా! నువ్వే ఆటికి జబ్బు తెప్పించి, మళ్లీ నువ్వే మందు పోత్తావా? పాపం, ఆ ఎలకలు నీకేటి సేసినాయే?" అని పగలబడి నవ్వింది.

మందు తాగిన ఎలుకలకు దెబ్బ తక్కువగా ఉందన్నప్పుడు నవ్వు ఆపింది.

"మరి మనుసులకి?"

"ఇంకా తెల్దత్తా. మొక్కేదో తేలకపోతే పని అక్కడే ఆగిపోద్ది. గుర్తుపట్టాలంటే పువ్వుతో కావాల."

చివరికి చూపిస్తానంది. మందుకు వెళ్లే దారిలో మాట్లాడకూడదు, మాట్లాడితే వెనక్కి తిరగాలి. అది ఆమె నియమం. పోయిన నెల ఒకరోజు పొద్దున్నే బయలుదేరాం. వాగు దగ్గర పొరుగింటావిడ ఎదురై, మేక ఈనిందా అని అడిగింది.

"రెండు పిల్లలే! రెండూ ఆడవే!" అనేసింది అత్త, సంతోషం పట్టలేక. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేనే మాటాడేసినానే. పద, ఇంటికి పోదాం. మళ్లీ వచ్చినప్పుడెల్దాం. ఆ మొక్క ఎక్కడికి పోద్ది?"

ఇల్లు చేరేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. మర్నాడు నేను విశాఖ బస్సెక్కాను.

ఆమె ఇచ్చిన ముద్దను ఎండబెట్టిన పొడి ల్యాబ్‌లో సీసా అడుగున కొంచెం మిగిలింది. మూత తీస్తే అత్త చేతుల వాసన. తూకం వేయబోయి మళ్లీ మూత పెట్టేస్తున్నాను.

మేకలు తోలుకెళ్తూనో, కట్టెలకు వెళ్తూనో మీలో మా కొండల వాళ్లెవరైనా మందుకు వెళ్తున్న ఆమెను చూసి ఉంటారు. నెలాఖరులోగా ఈ పత్రికకు రాయండి. మీరు చెప్పిన దారి అచ్చులో రాదు. మొక్క పేరు తెలియకపోయినా ఫరవాలేదు. వాగు దాటాక మా అత్త ఎటువైపు తిరిగేదో చెప్పండి, చాలు.