ఎత్తిన బకెట్ కింద అమ్మ

నా చిన్నప్పుడు నాకు దయ్యాలన్నా, ఇప్పచెట్ల కిందికి వచ్చే ఎలుగుబంట్లన్నా పెద్దగా భయం ఉండేది కాదు. నా భయమంతా మా పెదనాన్న కొన్న పాత ట్రాక్టర్ అంటేనే. దమ్మపేట దాటాక అడవి అంచున మా ఊరు. ఎక్కడో కలప డిపోలో దుంగలెత్తి ఎత్తి అలిసిపోయిన ఆ బండిని ఆయన బేరమాడి తెచ్చాడు. దాని ముందు రెండు ఇనుప చేతులు, వాటి చివర మా వంటింటి గుమ్మమంత వెడల్పు బకెట్. సిలిండర్లలోకి నూనె బలంగా ఎక్కి, మెరిసే రాడ్లు బయటికి తోసుకొస్తే ఆ బకెట్ మా చూరు దాకా లేచేది. రోజూ పని అయిపోగానే పెదనాన్న ఆ రాడ్లను మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. "కట్టుకున్నదాన్ని గూడ గింత మంచిగ సూస్కోలే వీడు" అని నానమ్మ దెప్పేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా అమ్మ ఆ ఇంటికి చిన్నకోడలు. బావగారి ముందు కూర్చోవడం, ఆయనతో నేరుగా మాట్లాడడం మా ఇంట్లో లేదు. ఆయన దగ్గు వినబడితే చాలు, అమ్మ చేతిలో పని వదిలేసి, నెత్తిన కొంగు కప్పుకొని దిగ్గున లేచి నిలబడేది. వాళ్లిద్దరి మధ్య మాటలు మోసేది నేను. "మీ అమ్మను చాయ్ పెట్టమను బిడ్డా" అని ఆయన నాతో అనేవాడు. పక్కనే ఉన్న అమ్మ నేను నోరు తెరవకముందే పొయ్యి దగ్గరికి పోయేది.

ఆ ఏడు దసరాకు బండికి పూజ. పొద్దున్నే పెదనాన్న బకెట్‌ను పైకెత్తి, ఇంజన్ ఆపి, రాడ్లకు పట్టిన మట్టి తుడిచాడు. ఆ ఇనుప చేతులకు కింద ఆనించడానికి కర్రదిమ్మ తేవాలని దొడ్లోకి పోయాడు. అంతలో నానమ్మ పసుపు కుంకుమల పళ్లెం అమ్మకిచ్చి, ఒక్క కీలు కూడా వదలకుండా బొట్లు పెట్టమంది. అమ్మ బకెట్ కిందికి దూరి, గొంతుక్కూర్చుని రాడ్లకు పసుపు రాయసాగింది. పళ్లెం పట్టుకొని నేనూ పక్కన కూర్చున్నాను.

మేం దూరినప్పుడు బకెట్ అంచు కింది నుంచి నాకు ఎదురింటి పెంకులు కనిపించాయి. కాసేపటికి పెంకులు పోయి గోడ మాత్రమే కనిపించింది. ఆ తర్వాత గోడ కూడా సగమే. పైపు అతుకు దగ్గర నూనె కారుతోంది. బకెట్ కిందికి వస్తోందని అమ్మతో అంటే, "ఇంజన్ బందున్నది, అదెట్ల కదుల్తది? పళ్లెం సక్కగ పట్టు" అని కసిరింది.

అప్పుడే పెదనాన్న వచ్చాడు. రాడ్ల వైపు తిరిగి ఉన్న అమ్మ ఆయన్ను చూడలేదు. ఆయన ముఖంలో రక్తం లేదు. అరవడానికి నోరు తెరిచి, అంతలోనే మూసుకున్నాడు. భుజం మీది దిమ్మను చప్పుడు కాకుండా దించాడు. నా వైపు చూస్తూ పెదవుల మీద వేలు పెట్టాడు. ఆ తర్వాత అంత పెద్ద మీసాల మనిషి మోకాళ్ల మీద వంగి, చేతులు నేలకానించి, పసిపిల్లాడిలా నాలుగడుగులు పాకి చూపించాడు. అమ్మను అలా తీసుకురమ్మని. వేరే రోజైతే పకపకా నవ్వేదాన్ని. ఆ రోజు పెద్దవాళ్లు కూడా భయపడతారని తెలిసి నాకు ఏడుపు గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగి, కడుపులో నొప్పి అని అమ్మ కొంగు పట్టుకొని లాగుతూ పాకాను. గొణుక్కుంటూ అమ్మ కూడా వంగే నా వెనక వచ్చింది.

బయట బావగారు కనబడగానే అమ్మ గబుక్కున లేచి నిలబడింది. నాకు అప్పుడు అర్థమైంది. ఆయన గొంతు ఒక్కసారి వినబడి ఉంటే, అమ్మ ఆ ఇనుము కిందే లేచి నిలబడేది. తల పగిలి అక్కడే పడిపోయేది.

పెదనాన్న పూజకు తెచ్చిన గుమ్మడికాయను, నానమ్మ వద్దంటున్నా, కర్రతో బకెట్ కిందికి నెట్టాడు. అందరినీ దూరం జరగమని, పక్క నుంచి సీటెక్కి బకెట్ దించే లివర్ నెట్టాడు. ఇంజన్ ఆగే ఉంది. బకెట్ మొత్తం ఒక్కసారిగా నేలకు కొట్టుకుంది. గుమ్మడి గింజలు వచ్చి నా లంగా మీద పడ్డాయి. అమ్మ నన్ను గట్టిగా పట్టుకుంది. ఆమె చేతుల పసుపుతో నా భుజాలు రెండూ పసుపైపోయాయి.

ఆయన దిగి వచ్చి, తలొంచుకొని అమ్మ ఎదుట నిలబడ్డాడు. "తప్పు నాదేనమ్మా. ఎత్తి ఇడిసిపెట్టి పోయిన. ఇంజన్ ఆపితే సప్పుడే ఆగుద్ది, బరువు ఆగదు" అన్నాడు. అమ్మతో ఆయన నేరుగా మాట్లాడడం అదే మొదటిసారి. బదులు చెప్పించడానికి అమ్మ అలవాటుగా నా వైపు చూసింది. నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. చివరికి తనే చెప్పింది, "మీరు కేకెయ్యకపోవుడే మంచిగయింది బావగారూ" అని.

ఎండిన పసుపు రాడ్‌ను గీసి లోపల నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్లను తినేస్తుందని ఆయన దాన్ని నూనె గుడ్డతో తుడిచేశాడు. బొట్లన్నీ నేల మీద దించిన బకెట్‌కే పెట్టించాడు. నానమ్మ సణిగింది గానీ అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు మా చుట్టుపక్కల ఎటు చూసినా కొత్త యంత్రాలే. బకెట్ ఎత్తి ఉంటే ఈ వయసులోనూ నేను ఆ పక్కకు పోను, నా కాళ్లు వినవు. ఎవరైనా ప్రమాదం అంచున కనబడితే మాత్రం నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది. మెల్లగా దగ్గరికి పోయి, వాళ్లకు ఏ మాట చెబితే ఎటు కదులుతారో ముందు చూసుకుంటాను. ముసల్దానికి కంగారే లేదని ఇంట్లో వాళ్లు నవ్వుతారు. కంగారు లేక కాదు. మనిషి బయటికి వచ్చాకే ఏడుస్తాను.