ప్రభ మీద చీకటి

డిగ్రీ పూర్తయ్యాక నందిగామ బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ సర్వీస్ షాపులో టెక్నీషియన్‌గా చేరాను. ఇప్పుడు ఆ పనిలో లేను. ఇక్కడ చెప్పేది అక్కడ నా మొదటి మాఘమాసంలో, తిరునాళ్ళ రోజుల్లో జరిగింది. పాడైన డిస్కుల్లోంచి ఫైళ్ళు తీయడం, ఒక సిస్టమ్‌లో రాసినది ఇంకో సిస్టమ్‌లో తెరుచుకునేలా చేయడం నా పని. కౌంటర్లో మాట్లాడటం ఓనరు శేషగిరి గారి వంతు. ఆ ఏర్పాటు నాకు హాయిగా ఉండేది.

ఒకరోజు జగ్గయ్యపేట నుంచి నాగమణి గారు పెన్‌డ్రైవ్ తెచ్చారు. వాళ్ళ నాన్నగారు బతికినన్నాళ్ళూ ప్రభలకు బల్బుల తోరణాలు కట్టారు. ప్రభ అంటే బండి మీద నిలబెట్టే ఎత్తైన వెదురు చట్రం. అలంకరించి అమ్మవారి గుడికి ఊరేగిస్తారు. ఆయన పోయాక ఆ పని చేపట్టిన నాగమణి గారు, మొదటిసారి ఒక ఊరి ప్రభకు బల్బుల బదులు ఎల్‌ఈడీ తెర పెడతానని ఒప్పుకున్నారు. అమ్మవారి బొమ్మల వీడియోలు హైదరాబాదు ఎడిటరు చేసిచ్చాడు. తెర వెనకుండే చిన్న ప్లేయర్ పెట్టె వాటిని పెన్‌డ్రైవ్‌లోంచి ఆడిస్తుంది. ఆడిస్తోంది కానీ, మధ్యమధ్య తెర నల్లబడుతోంది.

"బొమ్మ మళ్ళీ వస్తోందిగా అమ్మా," అన్నారు శేషగిరి గారు.

"మీకేం, ఎన్నైనా చెబుతారు. అమ్మవారి ముందు దీపం కొండెక్కినట్టేనంటున్నారండి పెద్దలు. రేపు పొద్దుగూకేలోగా సరికాకపోతే తెర దించేసి రంగుకాగితాలు అంటిస్తారంట. ఇంకో ఏడు నన్ను పిలుస్తారా?"

ముందు డ్రైవ్ ఫార్మాట్, అంటే అందులో ఫైళ్ళను అమర్చే పద్ధతి, చూశాను. ఇలాంటి పెట్టెలు చాలావరకు పాత ఫ్యాట్-32 పద్ధతినే చదువుతాయి, ఈ డ్రైవ్‌ కూడా ఆ పద్ధతిలోనే ఉంది. వీడియోలన్నీ మా విండోస్ కంప్యూటర్లో చక్కగా ఆడాయి. డ్రైవ్‌లో తప్పు లేదు, పెట్టె మార్చుకోమని చెప్పి ఓనరు పంపేశారు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మళ్ళీ వచ్చారు. కొత్త పెట్టెలోనూ అదే చీకటి. "మీ షాపులో వెలిగితే నాకేంటండీ? ఊరేగేది మీ షాపా?" అన్నారు. ఓనరు నవ్వేసి, లాప్‌టాప్ ఇచ్చి నన్ను ఆవిడ వెంట పంపారు.

ఆ ఊరి బడి ఆవరణలో బండి సిద్ధంగా ఉంది. ఊరిపెద్ద కోటయ్య గారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఏం మణీ, డాక్టరమ్మని తెచ్చావా? మీ నాన్న బల్బుల్లో ఒకటి ఆరినా పక్కది వెలిగేది. నీ టీవీ ఒక్కసారే కన్నుమూస్తోంది."

నేను తెర ముందు కూర్చున్నాను. చీకటి ఎందుకొస్తోందో తర్వాత, అసలు ఎప్పుడొస్తోందో చూడాలనిపించింది. ఒక బొమ్మ, ఒక చీకటి, మళ్ళీ ఒక బొమ్మ. వైరు వదులైతే ఇంత క్రమం ఉండదు. ఆ చీకటిని కూడా ఒక వీడియో అనుకుని పెట్టె ఆడిస్తోందా?

"ఎడిటరు గారిది మ్యాక్ కంప్యూటరా అండి?" అని నాగమణి గారిని అడిగాను.

"ఏమో తల్లీ. మూత మీద కొరికిన యాపిల్‌పండు బొమ్మ ఉంది."

లాప్‌టాప్‌లో దాచిన ఫైళ్ళు కూడా కనిపించేలా సెట్టింగు మార్చి డ్రైవ్ తెరిచాను. ప్రతి వీడియో పక్కనా అదే పేరుతో, ముందు ఒక చుక్క, గీతతో, నీడలాంటి బుల్లి ఫైలు ఉంది. తనది కాని ఫార్మాట్‌లో ఉన్న డ్రైవ్ మీద రాసేటప్పుడు మ్యాక్ ఫైలు వివరాలను అలా విడిగా రాసి పెట్టుకుంటుంది. తన తెర మీద చూపదు. విండోస్ కూడా చూడనట్టు ఊరుకుంటుంది. పెట్టెకు ఆ మర్యాదలు తెలియవు. పేరు చివర వీడియో గుర్తు ఉంటే చాలు, ఆడించబోతుంది. అందులో బొమ్మ లేదు కనుక తెర నల్లబడుతుంది.

నీడ ఫైళ్ళన్నీ తుడిచేసి డ్రైవ్ మళ్ళీ పెట్టాను. ఒక బొమ్మ వెంట ఇంకో బొమ్మ వచ్చింది. కోటయ్య గారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. చుట్టు పూర్తయి మొదటి బొమ్మ తిరిగి వచ్చింది.

"ఇంకా ఆరదేంటే?" అన్నారాయన.

"ఆరాలని మొక్కుకున్నావా బాబాయ్?" అన్నారు నాగమణి గారు.

ఆయన లేచి, ఎడ్లను తోలుకు రమ్మని కేకేశారు.

అంతకుముందు షాపుకు వచ్చిన డ్రైవ్ మా కంప్యూటర్లో తెరుచుకుంటే బాగున్నట్టే లెక్క. ఆ రోజు నుంచి ముందు రెండు ప్రశ్నలు అడిగేదాన్ని: దీన్ని ఏ సిస్టమ్‌లో రాశారు, ఏ యంత్రం చదవాలి? ఆ చదవాల్సిన యంత్రాన్నీ వెంట తెమ్మనేదాన్ని.