వదినకు తాపిన ఉప్పునీళ్లు

పెరట్లోంచి ఎండుచేపల వాసన గుప్పుమన్నప్పుడల్లా నాకు మస్తానమ్మగారు గుర్తొస్తారు. అల్లూరు దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న మా పట్టపుపాలెంలో ఆవిడ నర్సు. నవ్వుతారేమో గానీ, అణుశక్తి గురించి నా మొదటి పాఠం ఆవిడ చెప్పిందే.

జపాన్‌లో సునామీకి అణు విద్యుత్ కేంద్రం దెబ్బతిన్న ఏడాది అది. నేను డిగ్రీ చదువుతున్నాను. వదినకు ఎనిమిదో నెల. సముద్రమంతా విషమైపోయిందని పాలెంలో పుకారు లేచింది. ప్యాకెట్ ఉప్పులో అయోడిన్ ఉంటుందని, అది తింటే రేడియేషన్ అంటదని ఎవరో అన్నారు. జీవితమంతా చేపకు ఉప్పు పట్టించి నిలవ చేసిన మా అమ్మకు ఆ మాట ఇట్టే నచ్చింది. రోజూ పొద్దున్నే వదిన చేత గ్లాసెడు ఉప్పునీళ్లు తాగించేది. వదిన కక్కుకుంటే ఇంకో గ్లాసు కలిపేది.

మస్తానమ్మగారు వచ్చేసరికి వదిన కాళ్లూ ముఖమూ వాచి ఉన్నాయి. బీపీ చూసి ఆవిడ కంగారుపడ్డారు.

“ఏం పెడతా ఉండావక్కా ఈ బిడ్డకి?”

“ఉప్పునీళ్లు తాపినా నర్సమ్మా,” అంది అమ్మ. “ఉప్పు పట్టిన చేప చెడదు గదా. కడుపులో బిడ్డ మాత్రం ఎందుకు చెడతాది?”

ఆవిడ తిట్టలేదు. “నీ భయం ఉత్తదేం కాదక్కా. ప్రమాదం జరిగిన కాడ రేడియేషన్ ఉండే అయోడిన్ గాల్లో వచ్చి గడ్డి మీద పడతాది. దాన్ని ఆవు మేస్తే, పాలల్లోంచి పిల్లోళ్ల గొంతులో గ్రంథికి చేరతాది. ఆ గ్రంథి ముందే మంచి అయోడిన్‌తో నిండుంటే చెడ్డది చేరదు, అందుకే అక్కడోళ్లకి అయోడిన్ మాత్రలిస్తారు. ఆ మాత్రలో ఉండేది ఉప్పులో రావాలంటే కిలోలకి కిలోలు తినాల. ఈలోగా బీపీతోనే ప్రాణం మీదికొస్తాది.”

“మరి ఆ విషం మన సముద్రందాకా వస్తే?” అని నేనడిగాను.

“ఎంత వస్తాదో నాకు తెలీదు పాపా. కనుక్కోని చెప్తా.”

తెలియదని అంత తేలిగ్గా ఒప్పుకున్న పెద్దవాళ్లను నేను అంతకుముందు చూడలేదు. వదినను వెంటనే ఆటోలో నెల్లూరు తీసుకెళ్లాం. నెలలు నిండకముందే ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. వదిన కూడా గట్టెక్కింది.

మస్తానమ్మగారు ఆసుపత్రికి వచ్చి, అడగకుండానే జవాబు చెప్పారు. “డాక్టర్ని అడిగినా. ఆ అయోడిన్ కొన్ని వారాల్లో పోతాదంట గానీ, సీసియం అనే ఇంకో విషం అక్కడి నేలలో ఏళ్ల తరబడి ఉంటాదంట. ఆ పక్క చేపలు కూడా తినకూడదంట. మన దాకా వచ్చేసరికి ఇంత సముద్రంలో కలిసి, లెక్కలోకి రానంత అయిపోతాదంట.”

అమ్మ భయంతో వరండాలోనే నిలబడిపోయింది. మస్తానమ్మగారే బిడ్డను తెచ్చి అమ్మ చేతుల్లో పెట్టారు. అమ్మ బట్ట విప్పి వేళ్లూ, చెవులూ, పెదవులూ తడిమి చూసింది.

“బాగుండాది నర్సమ్మా,” అని ఏడ్చేసింది. “సముద్రం ఏం చెయ్యలా. నేనే చంపుకునేదాన్ని గదా?”

“భయంలో చేసినావక్కా. ఇంక దిగులు పడబాక.”

మస్తానమ్మగారు ఇప్పుడు లేరు. నేను బళ్లో సైన్స్ చెబుతున్నాను. ఎక్కడో రేడియేషన్ అనో, విషమనో వార్త వస్తే, ‘ఎంత?’ అని ముందు అడగమని పిల్లలకు చెబుతాను. తెలియకపోతే తెలియదంటాను. సాయంత్రం మాత్రం బాగా భయపడిన ఇంటికి వెళ్లి, ఎవరిచేత ఏం తాగిస్తున్నారో చూసి వస్తాను.