అమ్మాయినే అడగండప్పా

మా మేడమ్ పోయారన్న కబురు నాకు పూతలపట్టులో బస్సు మారుతుండగా అందింది. నిద్రలోనే వెళ్ళిపోయారట. ఏడుపొచ్చిన మాట నిజమే. కానీ బస్సెక్కి కూర్చున్నాక ఆవిడ గెలిచిన సంగతులే గుర్తొచ్చి, కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను. ఆవిణ్ణి దిగులుగా తలుచుకోవడం నాకు చేతకాదు.

తిరుపతిలో మాకు గుండె జబ్బుల పాఠం చెప్పిన డాక్టరు ఆవిడ. ఎంత పెద్ద సభలోనైనా చిత్తూరు యాస వదిలేవారు కాదు. రోగి నాడి చూసేముందు అరచేతులు రుద్దుకుని వెచ్చబరుచుకునేవారు. హుషారు కోసం, మెలకువ కోసం వాడే మత్తుమందులు గుండెను ఎలా దెబ్బతీస్తాయన్నది ఆవిడకు బాగా పట్టున్న విషయం.

"పుస్తకాల్లో ఉండేది శానామటుకు మొగోళ్ళను సూసి రాసిందప్పా. మొగోడు ఎద పట్టుకోని వస్తాడు. ఆడపిల్లయితే వాంతి అనొచ్చు, వీపునొప్పి అనొచ్చు, ఉత్త ఆయాసమే అనొచ్చు. మనం అడక్కపోతే ఎట్లా తెలుస్తాది?" అనేవారు.

ఆ అడగడమే మా వైపు కష్టం. డాక్టరు ఆడపిల్లను ప్రశ్న అడిగితే జవాబు పక్కనున్న తల్లి చెబుతుంది. మత్తు అలవాటుందా అని అబ్బాయినైతే మొహమాటం లేకుండా అడుగుతాం. అమ్మాయిని అడిగితే ఇంటిల్లిపాదినీ అవమానించినట్టే.

ఒకరోజు నగరికి చెందిన ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. పోటీ పరీక్షలకు చదువుతోంది. కొండ మీద తలనీలాలిచ్చి, దర్శనం చేసుకుని, కిందికొచ్చాక బస్టాండులో పడిపోయింది. గుండు మీద గంధం ఇంకా ఆరలేదు. అలాంటి పిల్లను మత్తుమందు గురించి అడగాలని ఎవరికి తోస్తుంది? వాంతులు, ఆయాసం. "ఒక్కపొద్దు ఉండినాది సార్, పొద్దున్నించీ ఏమీ తినలే" అంది తల్లి. అందరం తలలూపాం.

మేడమ్ ఈసీజీ చూసి, ఇది పస్తు నీరసం కాదని తేల్చుకుని, తల్లిని కాసేపు బయట కూర్చోమన్నారు. మంచం అంచున కూర్చున్నారు.

"మాత్రలా పాపా, పొడా? నేను పోలీసును కాదు. నీకు ఏ మందు ఇయ్యాలో, ఏది ఇయ్యకూడదో తెలియాల, అంతే."

ఆ పిల్ల పైకప్పు వైపు చూస్తూ అంతా చెప్పింది. రాత్రులు చదవడానికి హాస్టల్లో ఎవరో ఇచ్చిన మాత్రలతో మొదలై పొడి దాకా వచ్చిందట. ఆ ఒక్క జవాబుతో వైద్యం దారే మారింది, పిల్ల దక్కింది. తేరుకున్నాక తల్లికి తనే చెప్పుకుంది.

"నా బిడ్డ అట్లాంటిది కాదు మేడమ్" అని తల్లి కూలబడింది.

"మంచి బిడ్డేనమ్మా. నిజం చెప్పి తన పానం తానే కాపాడుకునింది" అన్నారు మేడమ్.

గుండె కండరం మాత్రం బాగా నీరసించింది. మానితే కోలుకోవచ్చు, మానకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. పిల్ల మానసిక వైద్యుడి దగ్గరికీ వెళ్ళింది. మధ్యలో ఒకసారి తడబడి మళ్ళీ పొడి ముట్టింది. మేడమ్ కోప్పడలేదు, మళ్ళీ రమ్మన్నారు. కొన్ని నెలలకు స్కానింగు తెర మీద ఆ గుండె మామూలు గుండెలా కొట్టుకోవడం చూసి, "రాండప్పా, రాండి, ఎట్లా పిండుతుండాదో సూడండి" అని వార్డంతటినీ పిలిచారు. ఆ సాయంత్రం అందరికీ మైసూరుపాకు. అప్పట్నుంచి మా వార్డులో ఆడా మగా తేడా లేకుండా అందరికీ అదే ప్రశ్న, తోడొచ్చినవాళ్ళు బయట. మొదట్లో తిట్టిన డాక్టర్లు కూడా ఇప్పుడు అలాగే అడుగుతున్నారు. మేడమ్ గెలుపు ఇదే అంటాను నేను.

ఆవిడ రిటైరయ్యాక ఆ అమ్మాయి వచ్చి, కాలినడకన కొండెక్కుదాం రమ్మంది. నేనూ వెంట వెళ్ళాను. కొంత దూరం పోయేసరికి మేడమ్ ఆగిపోయారు. అమ్మాయి కూడా ఆగబోయింది.

"నాకోసం నిలబడొద్దు పాపా, నువ్వు పో."

అమ్మాయి వెళ్ళింది. మేడమ్ పక్కనున్న కమ్మీ పట్టుకుని, తన చెమట కూడా తుడుచుకోకుండా, ఎక్కడా ఆగకుండా మెట్లెక్కిపోతున్న ఆ పిల్లనే చూస్తూ నిలబడ్డారు.