ఆర్విల్ నోట పడిన జట్టు

ఆర్విల్ ఫలానా జట్టు గెలుస్తుందన్నాడంటే ఆ జట్టుకి నూకలు చెల్లినట్టే. ఈ సంగతి వెస్కట్ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా ఐస్ హాకీ గురించి అతను చెప్పింది ఒక్కటీ జరగలేదు. పోనీ, హాకీతో ఆగితే నవ్వుకుని ఊరుకోవచ్చు. ఈ ఏడు వడగళ్ళు పడవన్నాడు, గోధుమ చేలన్నీ నేలమట్టమయ్యాయి. మీ అమ్మకి ఏం ఫరవాలేదని భార్య మిర్నాకి ధైర్యం చెప్పి పడుకున్నాడు, తెల్లారేసరికి అత్తగారు పోయింది. అప్పట్నుంచి ఇంటి విషయాల్లో నోరు కట్టేసుకున్నాడు. హాకీ విషయంలో మాత్రం ఊళ్ళోవాళ్ళు ఊరుకోనివ్వరు కదా!

రోజూ పొద్దున్నే కాఫీ హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర ముసలి రైతులంతా చేరతారు. టోపీలు తీయరు, గొంతులు తగ్గించరు. పాచికలు వేసి ఓడినవాడి చేత అందరికీ కాఫీ పోయిస్తారు. మార్చి నెలలో ఆ శనివారం ఆ బల్ల అట్టుడికిపోతోంది. వెస్కట్ జట్టు ప్లేఆఫ్ మొదటి విడతలోనే ఎల్డన్ చేతిలో చిత్తుగా ఓడి ఇంట్లో కూర్చుంది. ఇప్పుడు ఫైనల్లో ఎల్డన్, టార్కిన్ చెరి మూడు ఆటలు గెలిచాయి. ఆదివారం మధ్యాహ్నం ఆఖరాట. రెండూ పక్క ఊళ్ళే, రెండూ వెస్కట్‌కి పడని ఊళ్ళే.

"టార్కిన్ గోల్ కీపర్‌ని చూశావా? గోడరా వాడు!" అన్నాడు డెల్బర్ట్.

"గోడా? జల్లెడ అను. మొన్న నిద్రపోతూ ఐదు గోల్స్ వదిలేశాడు" అన్నాడు నెస్టర్.

"అయితే ఎల్డన్ వాళ్ళని గెలిపిస్తావా? కప్పు ట్రక్కు మీద పెట్టుకుని మన వీధిలోనే ఊరేగుతారు. ఏడాదంతా వాళ్ళ దెప్పుళ్ళు నువ్వు పడతావా?"

"టార్కిన్ వాళ్ళేమైనా తక్కువ తిన్నారా? వాళ్ళ నోళ్ళు అంతకన్నా పెద్దవి."

ఆర్విల్ మాత్రం కూర్చునే కునుకు తీస్తున్నాడు. మిర్నాకి కిడ్నీలు పాడైపోయి వారానికి మూడుసార్లు సిటీకి తీసుకెళ్ళి డయాలిసిస్ చేయించాలి. ఆ పూటా వెళ్ళాలి. తెల్లవారకుండానే లేచి ట్రక్కు ముందు మంచు ఎత్తిపోసి వచ్చాడు పాపం.

డెల్బర్ట్ మోచేత్తో పొడిచి లేపాడు. "ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను. ఎల్డన్ గెలుస్తుందని ఒక్క మాట అనరా. వాళ్ళ పీడ విరగడైపోతుంది!"

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఆర్విల్‌కి నవ్వు రాలేదు. ఎల్డన్ మిర్నా పుట్టిన ఊరు. ఆవిడ చిన్నతనంలో ఎప్పుడో ఆ ఊరి జట్టు కప్పు గెలిచింది, మళ్ళీ గెలవలేదు. పెళ్ళై వెస్కట్ వచ్చాక కూడా ఆవిడ పంతం వదల్లేదు. వెస్కట్‌లో మంచుగడ్డ మీద హాకీ ఆడే రింకులో రెండు ఊళ్ళూ తలపడితే మొగుడు ఇటు, పెళ్ళాం అటు కూర్చునేవాళ్ళు. విరామంలో క్యాంటీన్ దగ్గర కలుసుకుని, వెనిగర్ పోసిన వేయించిన బంగాళాదుంపలు ఒకే పళ్ళెంలో తిని, ఎవరి వైపుకి వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. రెండు చలికాలాలుగా మిర్నాకి ఆ రింకు మెట్లు ఎక్కే ఓపిక లేదు.

"టార్కిన్" అన్నాడు ఆర్విల్, అందరికీ వినపడేలా. "రేపు టార్కినే గెలుస్తుంది."

బల్ల మీద కప్పులు ఎగిరిపడ్డాయి. "కొంప ముంచావు కదరా! నీ నోట్లో శని ఉందని తెలిసే అన్నావు!" అని అరిచాడు డెల్బర్ట్.

"పోనీలేరా" అన్నాడు నెస్టర్ మెల్లగా. "పెళ్ళాం పుట్టిల్లు."

ఆ సాయంత్రం సిటీ నుంచి తిరిగొస్తుంటే, మిర్నా కిటికీకి తల ఆనించి ఎప్పుడూ అడిగేదే అడిగింది. "కిడ్నీ దొరకొచ్చన్నాడు కదా డాక్టరు. వచ్చే చలికాలానికి నేను రింకుకొస్తానంటావా?"

ఆర్విల్ రేడియో గొంతు పెంచాడు. ఎప్పుడడిగినా చేసే పని అదే. బాగవుతావు అని ఒక్క మాట అంటే ఈ మనిషి సొమ్మేం పోయిందని ఆవిడ నొచ్చుకుంటుందనీ తెలుసు. ఏం చేస్తాడు? ఆ నోటితో ఆ మాట అనడానికి అతనికి భయం.

ఆదివారం ఇద్దరూ వంటింట్లో రేడియో ముందు కూర్చున్నారు. మిర్నా వెలిసిపోయిన ఎల్డన్ జెర్సీ తొడుక్కుంది. ఆట ముగిసేసరికి టార్కిన్ ఒక్క గోల్ తేడాతో కప్పు ఎగరేసుకుపోయింది. మిర్నా జెర్సీ చేతులు కిందికి లాక్కుంది.

అంతలో ఫోన్ మోగింది. డెల్బర్ట్ అరుపు వంటిల్లంతా వినపడింది. "ఒరేయ్ ఆర్విల్! టార్కిన్ అన్నావు, టార్కినే గెలిచింది! జన్మకొక్కసారి నీ మాట నిజమైందిరా!"

ఆర్విల్ ఫోన్ పెట్టేశాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"మా వాళ్ళు గెలవాలనే టార్కిన్ అన్నావా?" అంది మిర్నా.

"ఊఁ."

"పిచ్చివాడా." రేడియో కట్టేసింది. "అయితే నీ నోరు బాగుపడిందన్నమాట. ఇప్పుడు చెప్పు. ఈసారి రేడియో జోలికి వెళ్ళావంటే ఊరుకోను. వచ్చే చలికాలం నేను రింకుకొస్తానా, రానా?"

ఆర్విల్ మంచినీళ్ళు తాగాడు. గ్లాసు బల్ల మీద పెట్టి, మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"వస్తావు" అన్నాడు చివరికి. "అటువైపు, మీ వాళ్ళ దగ్గరే కూర్చుంటావు."

"విరామంలో?"

"క్యాంటీన్ దగ్గర నేనుంటాను."

"వెనిగర్ ఎక్కువ పోయించు మరి" అని మిర్నా కళ్ళు మూసుకుంది. ఆవిడ నిద్రపోయాక కూడా ఆర్విల్ ఆ కుర్చీలోంచి కదల్లేదు. అన్న మాటకి భయపడుతూ, ఆవిడ ఊపిరి వింటూ కూర్చున్నాడు.