మిసావో లైటు కొట్టడం మానేసిన చలికాలం

హమాజిరిలో మిసావో బండిని గుర్తుపట్టడానికి నంబరు చూడక్కర్లేదు. మధ్యాహ్నం మూడున్నరకి, ఇంకా గోడల మీద ఎండ ఉండగానే, హెడ్‌లైట్లు వేసుకుని కొండ దారి పట్టే తెల్ల వ్యాను ఏదైనా ఉందంటే అది మిసావోదే. కొండ మీద ఒంటరిగా ఉంటున్న ఆరుగురు పెద్దవాళ్ళను పొద్దున్నే దింపుకొచ్చి పగటి ఇంట్లో అప్పగించడం, వాళ్ళ వేణ్ణీళ్ళ స్నానాలూ భోజనాలూ పాటలూ అయ్యాక మళ్ళీ ఎవరి గుమ్మం ముందు వాళ్ళను దించడం, పద్నాలుగేళ్ళుగా ఆమె పని.

"పట్టపగలు దీపం పెట్టుకుని ఎవర్ని వెతుకుతున్నావే పిల్లా?" అని వెనక సీట్లోంచి ఫుసా బామ్మ రోజూ అడిగేది. యాభై ఎనిమిదేళ్ళ మిసావో ఆవిడకి పిల్లే. ఆవిడకి తొంభై ఒకటి.

"మనకి కనబడ్డానికి కాదు బామ్మా, మనం కనబడ్డానికి."

"తొంభై ఒక్కేళ్ళుగా అందరికీ కనబడుతూనే ఉన్నాను. ఇంకా చాలదూ?"

వ్యానంతా నవ్వేది. ఆ నవ్వు కోసమే బామ్మ రోజూ అదే ప్రశ్న వేసేదని మిసావోకి తెలుసు. తెలిసీ, రోజూ కొత్తగా విన్నట్టే జవాబు చెప్పేది.

ఫుసా బామ్మ సంగతి ఇంకొకటి చెప్పాలి. ఆవిడ మెడ ఎడమవైపుకే తిరుగుతుంది. ఎప్పుడో కూరకి సముద్రపు నాచు ఆరబెడుతూ నిచ్చెన మీంచి పడ్డ నాటినుంచీ కుడివైపు తిప్పబోతే కట్టెలా బిగుసుకుపోతుంది. అందుకని ఎడమ కిటికీ పక్క సీటు ఆవిడ సొంతం. అక్కడ ఇంకెవరైనా కూర్చున్నారంటే ఆ రోజు వ్యాను ఎక్కదు, స్నానం లేకపోయినా సరే.

మిసావోకి లైట్ల భాష నేర్పినది వాళ్ళ నాన్న. ఆయన చేపల లారీ నడిపేవాడు. ఇరవై మూడో ఏట లైసెన్సు తెచ్చుకున్న కూతుర్ని పక్కన కాదు, ఏకంగా స్టీరింగు ముందే కూర్చోబెట్టి, తను పక్కన వార్తాపత్రిక చుట్టి పట్టుకుని కూర్చున్నాడు. తప్పు చేసినప్పుడల్లా ఆ చుట్టతో మోకాలి మీద ఒకటి పడేది. రైలు గేటు దగ్గర ఎదురెదురుగా ఆగినప్పుడు లైటు తగ్గించడం మరిచిపోతే రెండు పడేవి.

"ఎదుటివాడి కళ్ళల్లో లైటు పెట్టి నిలబడ్డావేం? ఇంటికొచ్చిన చుట్టం మొహం మీద టార్చి వేస్తావా?"

లైటు ఒకసారి కొడితే "మీరు ముందు వెళ్ళండి" అని. వెళ్ళినవాళ్ళు నాలుగు ఇండికేటర్లూ కలిపి రెండుసార్లు మిణుక్కుమనిపిస్తే "మీ దయ" అని. ఆ రెండు మాటలతో హమాజిరి ఇరుకు రోడ్ల మీద ఎవరికీ ఎవరితోనూ తగవు వచ్చేది కాదు. ఎంతమంది వెళ్ళినా మిసావో ఇంకొకరికి లైటు కొట్టేది. పెద్దవాళ్ళ గుమ్మాల ముందైతే పెద్ద లైట్లు ఆర్పేసి చిన్నవి మాత్రం ఉంచేది, చేతికర్రతో బయటికొచ్చేవాళ్ళ కళ్ళు చెదరకూడదని. పగటి ఇల్లు చూసుకునే ఒరియే గారు ఈ సంగతి కొత్తగా చేరిన ప్రతి డ్రైవరుకీ చెప్పేది.

ఇదంతా నవంబరు ముందు మాట.

నవంబరు మధ్యలో ఒక సాయంత్రం నాలుగు గంటలకి సన్నగా తుంపర పడుతోంది. పోస్టాఫీసు దగ్గర మూడు దార్లు కలిసేచోట ఎదురుగా మంగలి హిసాదా గారి కారు ఆగి ఉంది. ఆయన కుడివైపు తన దుకాణం సందులోకి తిరగాలి. మిసావో వెనకాల బండ్ల బారు ఎంతకీ తరగదు. తనే ఆగిపోయి లైటు ఒకసారి కొట్టింది. హిసాదా గారు కారులోనే తల వంచి, ఆమెను ఒక్క క్షణం కూడా నిలబెట్టకూడదని చటుక్కున తిప్పాడు. అదే సమయానికి వ్యానుకీ కాలిబాటకీ మధ్య మిగిలిన సందులోంచి కయో స్కూటరు ముందుకొచ్చి ఆయన కారుకి గుద్దుకుంది.

కయో ఇంటింటికీ తిరిగి ఎండు చేపలు అమ్ముతుంది. నలభై నాలుగేళ్ళ మనిషి, అరుపు వినబడకముందే వాసన వచ్చేస్తుందని తన మీద తనే జోకు వేసుకుంటుంది. ఆ సాయంత్రం తడి రోడ్డు నిండా చేపలు చెల్లాచెదురయ్యాయి. ఆమె మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది.

పోలీసులు టేపు పెట్టి కొలిచారు, రాసుకున్నారు. "డ్రైవరమ్మా, మీ తప్పేం లేదు" అన్నారు. అందరూ ఆ మాటే అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా మిసావోకి తన కుడిచేతి వేలు గుర్తొచ్చేది, స్టీరింగు పక్కనున్న లైటు పుల్లని లాగిన వేలు. రమ్మని పిలిచింది తనే కదా? పిలిచినచోట ఎవరున్నారో చూడకుండా పిలిచింది.

ఆస్పత్రికి మిసావో కమలాపండ్లు పట్టుకెళ్ళింది. ఆమె వెళ్ళేసరికి హిసాదా గారు మంచం పక్కన కుండీతో నిలబడి ఉన్నాడు. పువ్వులున్న మొక్కే, కానీ కుండీలో ఉన్న మొక్క.

"ఏమండీ హిసాదా గారూ, వేర్లున్న మొక్క రోగికి ఎవరైనా తెస్తారా? నేను ఈ మంచంలోనే వేరు పట్టుకుపోవాలని మీ కోరికా?" అని కయో కట్టు కట్టిన కాలితోనే పకపకా నవ్వింది. పాపం ఆయన చెవుల దాకా ఎర్రబడి కుండీని వెనక్కి దాచుకున్నాడు. దాచుకుని ఎక్కడ పెడతాడు?

మిసావో మాత్రం నవ్వలేకపోయింది. వంచిన తల ఎత్తలేదు. కయో తన చేపలెవరు ఆరబెడుతున్నారో, పిల్లి ఎన్ని ఎత్తుకెళ్ళిందో చెప్పుకుపోయింది. లైటు మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే కోపమని మిసావో అనుకుంది.

మర్నాటినుంచి ఆమె ఎవరికీ లైటు కొట్టలేదు. పగలు వేసుకుని తిరగడం మానలేదు, గుమ్మాల ముందు తగ్గించడం మానలేదు. దారి ఇవ్వడం మాత్రం మానేసింది. ఎదుటివాళ్ళు ఎంత ఎదురుచూసినా రెండు చేతులూ స్టీరింగు మీద బిగించి సూటిగా చూస్తూ వెళ్ళిపోయేది. ఇరుకు దారిలో ఎదురుబొదురైతే ఇంకా ఇబ్బంది. వాళ్ళు ఈమె లైటు కోసం ఆగేవాళ్ళు, ఈమె వాళ్ళు కదలాలని ఆగేది.

"ఇక్కడే కూరగాయలు నాటేద్దామా? వేసవికి కోతకొస్తాయి" అని వెనక నుంచి ఫుసా బామ్మ.

ఊరికి నోరు లేకుండా ఉంటుందా? కూరగాయల దుకాణం ముందు ఇద్దరు చేరితే ఆ మాటే. "మిసావోకి ఏమయిందమ్మా? మొన్న అరగంట నిలబడ్డాను, మొహం చూడలేదు." "కొమ్ములొచ్చాయిలే." సంగతి తెలిసినవాళ్ళే ఇలా అంటే తెలియనివాళ్ళ మాట చెప్పక్కర్లేదు. ఇంట్లో భర్త కెన్‌జో, వడ్రంగి, మాట తక్కువ మనిషి, ఆమె అన్నం సగం వదిలేస్తోందని చూసి ఊరగాయ గిన్నె ఆమె వైపు జరిపేవాడు. అంతకన్నా ఎక్కువ ఆయనకి చేతకాదు.

ఫిబ్రవరి మొదట్లో మిసావో ఒక ఉత్తరం రాసి ఒరియే గారి బల్ల మీద పెట్టింది. ఈ నెలాఖరు దాకా నడుపుతాను, ఆ తరవాత స్టీరింగు ముట్టుకోను.

"కొండ మీదికి ఎవరు వెళతారు మిసావో గారూ?" అంది ఒరియే గారు. "మీ ఉత్తరం చూసి నిన్న కొత్త డ్రైవరుని పంపించాను. ఫుసా బామ్మగారి ఇంటి ముందు ఏటవాలు చూశాడు. వ్యాను కింద పెట్టేసి నడిచి వెనక్కి వచ్చాడు."

"నేర్పిస్తాను."

"నేర్చుకోనన్నాడు. ఎవరూ దొరకకపోతే కొండ దారి ఆపేయాలి. అప్పుడు ఆ ఆరుగురూ పట్నంలో వృద్ధుల ఇంటికి వెళ్ళిపోవలసిందే."

అయినా మిసావో ఉత్తరం వెనక్కి తీసుకోలేదు. ఒరియే గారు దాన్ని టీ డబ్బా కింద పెట్టింది.

ఆ కబురు కొండెక్కడానికి ఒక్క రోజు పట్టింది. రెండు రోజుల తరవాత సాయంత్రం, వ్యానులో చివరి మనిషిగా ఫుసా బామ్మ ఒక్కతే మిగిలింది.

"ఆపు. కయో ఇంటి ముందు ఆపు. నాకు ఎండు చేపలు కావాలి."

"దార్లో కొనుక్కోవడానికి ఆపకూడదు బామ్మా. అలా రూలు ఉంది."

"అయితే నాకు మరుగుదొడ్డి కావాలి. దానికి రూలు ఉందా?"

"మీ ఇల్లు రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది కదా."

"నా వయసుకి రెండు నిమిషాలంటే ఎంతో నీకేం తెలుసు? సీటు తుడిచేది నువ్వే."

మిసావో ఆపింది. ఎర్ర పెయింటు పోయిన స్కూటరు గోడకి ఆనుకుని ఉంది. కయో గుమ్మంలోనే కనబడింది. కర్ర వదిలేసి వారమైంది, కుంటు మాత్రం ఇంకా ఉంది. బామ్మ లోపలికెళ్ళి మరుగుదొడ్డి మాటే మరిచిపోయి నిప్పు పెట్టె దగ్గర చేతులు కాచుకుంటూ కూర్చుంది.

"మీ ఇద్దరూ మాట్లాడుకోండి. నాకు వినబడదులే" అని చెవి ఇటే పెట్టింది.

మిసావో గుమ్మంలోనే వంగింది. మూడు నెలలుగా నోట్లోనే తిరుగుతున్న మాట అప్పటికి బయటికొచ్చింది. "కయో గారూ, ఆ రోజు హిసాదా గారిని రమ్మన్నది నేనే. లైటు కొట్టాను. ఎడమ అద్దం చూడకుండా కొట్టాను."

"తెలుసు" అంది కయో.

"తెలుసా?"

"మీ ముందు వెళ్ళిన కారు వెనక అద్దం మీద మీ లైటు మెరిసింది, చూశాను. వ్యాను ఆగింది. ఎవరో పెద్దవాళ్ళు దిగబోతున్నారు కాబోలు, వాళ్ళకి అడ్డం రాకూడదని గబగబా దాటేద్దామనుకున్నాను." ఆమె చేపలు తిరగేస్తూ చెప్పింది. "ఆ రాత్రంతా మంచం మీద నాకూ అదే ఆలోచన. నేను మీ బామ్మల కోసం తొందరపడ్డాను. ఆయన మీ కోసం తొందరపడ్డాడు. మీరు ఆయన కోసం. ముగ్గురిలో ఒక్కరం కాస్త మోటుమనిషై ఉంటే నా కాలు బాగుండేది."

"మరి ఆస్పత్రిలో ఒక్క మాటన్నా అనలేదేం?"

"ఏమనను? మీరు తల ఎత్తితే కదా! మీ జుట్టు పాపిడితో మాట్లాడమంటారా?"

నిప్పు పెట్టె దగ్గర నుంచి బామ్మ ఫక్కున నవ్వింది, వినబడదన్న మనిషి.

"మానేస్తున్నారట" అంది కయో.

"చెయ్యి రావడం లేదమ్మా. ఆ అద్దంలో కొంత మేర అసలు కనబడదు. మీరు ఉన్నది సరిగ్గా అక్కడే. ఇంకోసారి ఇంకెవరో అక్కడ ఉంటే?"

దానికి జవాబు బామ్మ దగ్గర ఉంది.

"నా మెడ ఎందుకుందనుకున్నావే? ముప్ఫై ఏళ్ళుగా అటే చూస్తోంది, వేరే పనేముంది దానికి? ఎవరైనా వస్తే నేను చెబుతాను. నేను చెప్పాకే కొట్టు."

మర్నాటినుంచి బామ్మ ఉద్యోగంలో చేరింది. కిటికీ మీద ఆవిరిని చేతిరుమాలుతో తుడిచి, ముక్కు అద్దానికి ఆనించి, "సైకిలు ఒకటి... పోయింది. కుక్క. కుక్కని లెక్కపెట్టాలా?" అని చెబుతూ ఉండేది. వెనక ఐదుగురూ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయేవాళ్ళు, పాటల గంటలో కూడా అంత శ్రద్ధ ఉండేది కాదు. మిసావో అద్దం చూసేది, బామ్మ మాట వినేది, వేలు పుల్ల దాకా వెళ్ళేది. అక్కడే ఆగిపోయేది.

అలాగే నెల ఆఖరి రోజు వచ్చింది. నాలుగున్నరకి తుంపరలో మంచు కలిసి పడుతోంది. పోస్టాఫీసు దగ్గర ఎదురుగా హిసాదా గారి కారు, కుడి ఇండికేటరు టిక్కుటిక్కుమంటూ. ఎంతసేపటినుంచి ఉన్నాడో. మిసావో వెనక బారు మామూలే. ఆమె బండి ఆపింది. అద్దం చూసింది.

"ఆగు" అంది బామ్మ. "ఒకటి వస్తోంది. లైటు వేసుకుని వస్తోంది, మంచి పిల్ల... అది... ఓసి, కయోనే!"

స్కూటరు వ్యాను పక్కకొచ్చి, ముందు చక్రం దగ్గర ఆగింది. కాలు మానాక కయో బండి తీసిన మొదటి రోజు అది. ఆమె వంగి, వ్యాను ముందునుంచి అటు చూసి, ఇటు చూసి, హిసాదా గారికి చెయ్యెత్తి, నిదానంగా దాటింది. వెళుతూ వెనక్కి తిరక్కుండానే చేపల పెట్టె మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది.

"ఇంకెవరు?" అంది మిసావో.

"ఎవరూ లేరు."

"కుక్క?"

"కుక్క కూడా లేదే పిల్లా. కొట్టు."

మిసావో లైటు ఒకసారి కొట్టింది.

హిసాదా గారు వెంటనే కదల్లేదు, నమ్మలేదేమో. తరవాత కారు సగం తిప్పి, దారి మధ్యలో ఆపి, తాబేలులా మెడ చాచి వ్యాను పక్క సందులోకి చూశాడు. చూసి, మెల్లగా దాటాడు. సందు మొదట్లో నాలుగు ఇండికేటర్లూ రెండుసార్లు మిణుక్కుమన్నాయి. మూడోసారి కూడా మిణుక్కుమన్నాయి, అది ఎవరూ వాడని మర్యాద.

వెనకాల ఎవరో పొడుగ్గా హారను మోగించారు.

"తొందరైతే వాణ్ణి కూడా ఒక బామ్మని తెచ్చుకోమను" అంది ఫుసా బామ్మ.

కొండ మీద చివరి గుమ్మం ముందు మిసావో పెద్ద లైట్లు తగ్గించి, దిగి, తలుపు తీసి చెయ్యి అందించింది. బామ్మ కర్ర ఆనించుకుంటూ దిగింది. ఇవాళ ఆఖరి రోజని ఇద్దరికీ తెలుసు.

"రేపు చలి ఎక్కువట" అంది మిసావో. "ఉన్ని టోపీ పెట్టుకుని సిద్ధంగా ఉండండి. ఎనిమిదింటికి వస్తాను."

"ఏడున్నరకి రా. అద్దం తుడవాలి."